చక్రం ఉన్న వైపు

"దీనికి లైట్లు కూడా వెలుగుతాయి మేడమ్. మనకి ఏ రంగు కావాలంటే ఆ రంగు," అన్నాడు షాపతను.

"లైట్లు లేనిది చూపించండి. మా తమ్ముడికి కళ్ళు కనబడవు."

అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కళ్ళు కనబడనివాడికి వీడియో గేములాడే హెడ్‌సెట్ ఎందుకన్న ప్రశ్న నోటిదాకా వచ్చింది గానీ, నా మొహం చూసి మింగేశాడు. మంచిపని చేశాడు. ఆ రోజుల్లో నా నోరు నా అదుపులో ఉండేది కాదు. జాలి మొహం పెట్టినవాళ్ళనీ కరిచేదాన్ని, పెట్టనివాళ్ళనీ కరిచేదాన్ని.

"తేలిగ్గా ఉండాలి," అన్నాను. "చెవిని నొక్కకూడదు. చెవి పైనా వెనకా, ఇదిగో, ఇంత మేర ఏదీ గట్టిగా తగలకూడదు. వైరు ఉండకూడదు. శబ్దం ఏ పక్కనుంచి వస్తోందో ఖచ్చితంగా తెలియాలి. ఇక మీరు ఏం చూపిస్తారో చూపించండి."

ఇంత మేర అన్నప్పుడు సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాను. అది మా అమ్మ కత్తిరించిచ్చిన కొలత. అమ్మ సోఫాలకీ కుర్చీలకీ కవర్లు కుడుతుంది. దేనికి కవరు కుట్టాలన్నా ముందు పాత న్యూస్‌పేపరు దాని మీద పరిచి, వేళ్ళతో అదిమి, అంచు వెంబడి కత్తిరించడం ఆవిడ పద్ధతి. కొడుకు తలకీ అదే చేసింది. వాడు నిద్రపోతుంటే కుడిచెవి చుట్టూ కాగితం ఆనించి, చెవి ఆకారం, దాని మీంచి వెనక్కి పాకిన మచ్చ ఆకారం తీసింది. మచ్చ ఇంకా పచ్చిగా ఉన్నచోట పెన్సిలుతో సున్నా చుట్టింది. షాపతను ఆ కాగితాన్ని ముట్టుకోకుండా వంగి చూశాడు.

"ఏమైంది మేడమ్?"

"బ్యాటరీ పేలింది. కార్ల బ్యాటరీలు రిపేరు చేసేచోట పని. చార్జింగులో పెట్టినదాని మీదికి వంగి చూస్తున్నాడట. మిగతాది మీరే ఊహించుకోండి."

అతను ఇంకేమీ అడగకుండా లోపలికెళ్ళి ఒకదాని తర్వాత ఒకటి పెట్టెలు తెచ్చాడు. నేను ఒక్కొక్కటీ తలకు పెట్టుకోవడం, అమ్మ కాగితాన్ని చెవి దొప్ప లోపల ఆనించి చూడటం, తీసి పక్కన పెట్టడం. ఒకటి బరువు. ఒకటి తేలికే గానీ పట్టకారులా పట్టేసింది. ఒకదాని దొప్పలు ఎంత చిన్నవంటే అమ్మ గీసిన సున్నా మీదే సరిగ్గా కూర్చుంది. ఇంకొకటి మెత్తగా, వెడల్పుగా, చూడముచ్చటగా ఉంది గానీ షాపులో ఆడి చూపించే గేము తెర మీద మనిషి కొట్టిన క్షణం తర్వాత గానీ చప్పుడు వినిపించలేదు. తెర చూడగలిగినవాడైతే సర్దుకుపోతాడేమో. చప్పుడే చూపైనవాడికి అది దేనికి పనికొస్తుంది?

"ఇది పెట్టుకు చూడండి, నాలుగు వైపులనుంచీ సౌండు. యుద్ధం మధ్యలో నిలబడ్డట్టే ఉంటుంది," అన్నాడు.

"మేం అక్కడే నిలబడి ఉన్నాం. బయటపడే దారి చూపించేది ఇవ్వండి."

పెట్టుకుని చూశాను. నిజమే, హోరు నాలుగు వైపులనుంచీ కమ్ముకుంది. ఏది ఎటునుంచో మాత్రం తెలియలేదు. తీసి పక్కన పెట్టాను. షాపతను చెమట తుడుచుకున్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని మనసులో అనుకున్నాను గానీ, పాపం, అతను కాకేమీ కాదు. విసుక్కోకుండా మళ్ళీ లోపలికెళ్ళాడు.

హెడ్‌సెట్ల సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదని నా ధీమా. గ్యాసు కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లెత్తే ఉద్యోగం నాది. పొద్దున తగిలించుకుంటే సాయంత్రానికి గానీ తీయం. ఒంటి చెవి హెడ్‌సెట్ అది. ఒక చెవికి ఫిర్యాదు, ఇంకో చెవికి సూపర్‌వైజరు తిట్లు. ఏ చెవి నొప్పి పుడితే దాన్నుంచి తీసి రెండోదానికి మార్చుకుంటాం. స్పాంజి ఎంత మందముంటే ఎంతసేపు ఓర్చుకోవచ్చో, తల మీద పట్టీ ఎక్కడ కోస్తుందో నాకు తెలిసినట్టు ఆ షాపులో ఎవరికీ తెలియదనుకున్నాను.

చివరికి దొరికింది. బూడిదరంగుది, తేలిక. తల మీద ఆనేది సాగే గుడ్డపట్టీ, నొక్కదు. దొప్పలు వెడల్పు, కాగితం మీది సున్నా వాటి బోలులో హాయిగా పట్టింది. గేము మిషనుకి పుల్లంత రిసీవరు ఒకటి గుచ్చితే చాలు, వైరు లేదు, ఆలస్యం లేదు. ఎడమనుంచి వచ్చిన అడుగుల చప్పుడు ఎడమనుంచే వినిపించింది. కళ్ళు మూసుకుని విన్నాను. మూసుకుంటే నీళ్ళు కారాయి.

"మైకు ఊడొస్తుంది మేడమ్. కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు. సౌండు పెంచడానికీ తగ్గించడానికీ దొప్ప మీద ఈ చక్రం," అని చూపించాడు. నేను సరే సరే అని పెట్టెలో పెట్టించాను.

ఒక గేము వస్తువుకి ఇంత హడావిడేమిటని మా పిన్ని కూడా అంది. ఆవిడ ఆసుపత్రికొచ్చినప్పుడు "ఒక్క కన్నైనా మిగలాల్సింది, గుడ్డికన్నా మెల్ల నయం కదా" అన్న మనిషి. ఆవిడకి ఏం చెప్తాను?

ఆసుపత్రినుంచి ఇంటికొచ్చాక చిన్నోడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేం వాణ్ణి చిన్నోడనే పిలుస్తాం, గడ్డాలొచ్చినా మా ఇంట్లో వాడు చిన్నోడే. పిలిస్తే పలకడు, పెడితే తింటాడు, లేకపోతే లేదు. వర్క్‌షాపు స్నేహితులొస్తే పంపించేయమన్నాడు. ఫోను ఆపేశాడు. ఒకరోజు పొద్దున అమ్మ వాడి గది తలుపుకున్న గొళ్ళెం ఊడబెరికి ఎక్కడో దాచేసింది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ రోజునుంచి ఆ తలుపుకి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటోంది. వాడు గుమ్మం దాటాలంటే ఆవిణ్ణి తొక్కుకుంటూ వెళ్ళాలి.

అలాంటి ఇంట్లో ఒక సెలవురోజు మధ్యాహ్నం టకటకమని బటన్ల చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే వాడు మంచం మీద కూర్చుని పాత గేము మిషను ఆడిస్తున్నాడు. ఇద్దరు మనుషులు తెర మీద ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఆట. ముందు పిచ్చెక్కిందేమో అనుకున్నాను. తర్వాత వాడే చెప్పాడు, నెలల తర్వాత వాడు నాతో చెప్పిన మొదటి నాలుగు ముక్కలూ అవే.

"ప్రతి దెబ్బకీ ఒక చప్పుడుందక్కా. అవన్నీ నాకు తెలుసు. అవతలివాడు ఎటున్నాడో తెలిస్తే చాలు. ఎడమవైపుంటే నేను కుడివైపు బటన్ నొక్కి పట్టుకోవాలి, అప్పుడు దెబ్బ కాచుకున్నట్టు. కుడివైపుంటే ఎడమది. నెత్తిమీంచి దూకి ఇటొచ్చాడనుకో, నేను బటన్ మార్చాలి. అంతే."

కాచుకుంటే టక్కుమంటుంది, తగిలితే దబ్బుమంటుంది. మొదట్లో అన్నీ దబ్బులే. మెల్లగా టక్కులు పెరిగాయి. వాడు లేచి కూర్చోవడం, గడ్డం గీయించుకోవడం, అన్నంలోకి ఇంకాస్త వెయ్యమనడం, అన్నీ ఆ టక్కులతోపాటే పెరిగాయి. ఆన్‌లైన్లో ఊరూ పేరూ తెలియనివాళ్ళతో ఆడి గెలవడం మొదలెట్టాడు. ప్రతి ఆదివారం సాయంత్రం వాడి వర్క్‌షాపు జట్టంతా ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని కలిసి ఆడేవాళ్ళు, ఒకప్పుడు వీడే అందులో మొనగాడు.

"నాకు పూర్తిగా వచ్చాక వాళ్ళ దగ్గరికి వెళ్తాను. జాలిపడి ఆడనిస్తే నేను ఆడను," అన్నాడు. అమ్మ వంటింట్లో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడే గోరుచుట్టు మీద రోకటిపోటు. వాడు పెట్టుకుని ఆడే పాత హెడ్‌సెట్ బిగుతు. రోజంతా ఒరుసుకుని మచ్చ చిట్లి, దిండంతా రక్తం. డాక్టరు చూసి, అక్కడ ఏదీ నొక్కకూడదన్నాడు, చీము పడితే చెవి లోపలికి పాకొచ్చు, వినికిడికే ముప్పన్నాడు. హెడ్‌సెట్ తీసిన మర్నాడే వాడు మళ్ళీ గోడవైపు తిరిగాడు. అందుకే నేను ఆ షాపులో అలా కాగితం పట్టుకుని నిలబడ్డాను. నాకు కావల్సింది హెడ్‌సెట్ కాదు, మా తమ్ముడు.

తెచ్చి వాడి చేతిలో పెట్టాను. వేళ్ళతో అంతా తడిమాడు. ముందుకు పొడుచుకొచ్చిన మైకు తగిలింది. "ఇదెందుకు? నేనెవరితో మాట్లాడాలి?" అని పీకి బల్ల సొరుగులో పడేశాడు. నాకు ఆఫీసుకి టైమైంది. అమ్మ మెత్తటి పాత నూలుబట్టతో దొప్పలకి కవర్లు కుట్టడానికి కూర్చుంది. మచ్చవైపుదానికి మధ్యలో లోతుగా, బట్ట ఒరుసుకోకుండా ప్రత్యేకంగా కుట్టాలని ఆవిడ ఆలోచన. నేను సాయంత్రం వచ్చేసరికి కుట్టడం, తొడగడం, అన్నీ అయిపోయాయి.

"నొప్పి లేదక్కా," అన్నాడు చిన్నోడు. హెడ్‌సెట్ తల మీదుంది. "పెట్టుకున్నట్టే లేదు."

ఆ మాటకి నేనూ అమ్మా ఒకళ్ళనొకళ్ళం చూసుకుని నవ్వాం. ఎన్నాళ్ళకో నవ్వాం. వాడు ఆట మొదలుపెట్టాడు. నేను మంచం పక్కన నిలబడి టక్కు కోసం ఎదురుచూశాను.

దబ్బు. దబ్బు. దబ్బు. ఓడిపోయాడు. మళ్ళీ ఆడాడు. ఒక్క దెబ్బా కాచుకోలేకపోయాడు. వాడు కాచుకోవడానికి ప్రయత్నించిన ప్రతిసారీ తగిలింది, ఊరికే నిలబడ్డప్పుడు కూడా అంతగా తగిలేది కాదేమో. "అలవాటు తప్పింది, అంతే," అన్నాడు. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. వాడి మెడ మీద నరాలు లేచేవి. మిషనుని ఒళ్ళో పెట్టుకుని మొదటినుంచి నేర్చుకునేవాడిలా ఒక్కొక్క దెబ్బా వింటూ కూర్చున్నాడు. ఎంత జాగ్రత్తగా వింటే అంత ఘోరంగా ఓడాడు.

"ఇలా తే, నేను చూస్తాను," అని వాడి ఎదురుగా నిలబడి, తల మీంచి హెడ్‌సెట్ లాక్కుని నేను పెట్టుకున్నాను. తెర చూస్తూ విన్నాను. మనిషి ఎడమవైపు గెంతితే ఎడమచెవిలో, కుడివైపు గెంతితే కుడిచెవిలో, గంట కొట్టినట్టు వినిపించింది.

"బానే ఉంది కదరా! ఇంత బాగా వినిపిస్తుంటే!"

నేను ఎంత మాటన్నానో అప్పుడు నాకు తెలియలేదు. వస్తువు బాగుందంటే బాగాలేనిదేమిటో వాడికి అర్థమైపోయింది.

అయినా నేను ఊరుకోలేదు. మర్నాడే హెడ్‌సెట్ పట్టుకుని షాపుకెళ్ళి అతని మీద విరుచుకుపడ్డాను. అతను అమ్మ కవర్లు తీసి జాగ్రత్తగా పక్కన పెట్టి, తను పెట్టుకుని విని, "ఏ లోపమూ లేదు మేడమ్," అన్నాడు. నేను అరిచిన అరుపుకి పక్క కౌంటర్లో వాళ్ళు కూడా తిరిగి చూశారు. చివరికి అదే రకం కొత్తది ఇచ్చి పంపాడు. ఇంటికి తెస్తే అమ్మ మళ్ళీ కవర్లు తొడిగింది. చిన్నోడు పెట్టుకున్నాడు. దబ్బు.

ఆ పూట వాడు ఒక్కసారే ఆడాడు. హెడ్‌సెట్ మెళ్ళోకి జార్చి, చాలా మామూలుగా చెప్పాడు.

"డాక్టరు చెప్పాడు కదక్కా, లోపలికి పాకొచ్చని. పాకింది."

"పిచ్చివాగుడు వాగకు. నేను పిలిస్తే వినపడటం లేదూ?"

"వినపడుతోంది. ఎటునుంచో తెలియడం లేదు. ఎడమనుంచి వచ్చాడని నేను ఒట్టేసి చెప్పగలను, తీరా వాడు కుడివైపుంటాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ. చెవులూ పోతున్నాయి. లేకపోతే బుర్రే పోతోందేమో."

"రేపు చెవుల డాక్టరు దగ్గరికెళ్దాం."

"వెళ్ళి? ఇంకో డాక్టరు నోటినుంచి ఇంకోటి పోయిందని వినాలా?" అని, మిషను పక్కకి తోసి, "ఈ మిషను ఎవరికైనా ఇచ్చెయ్యక్కా. ఆడుకునేవాళ్ళకి," అన్నాడు.

నాకు కోపమొచ్చింది. నన్ను ఎవరైనా భయపెడితే నాకు ముందు కోపమే వస్తుంది. అంత కష్టపడి తెస్తే ఇదా అని, ఇలా అన్నీ వదిలేసి ఎవర్ని సాధిస్తావని, నువ్వొక్కడివేనా ప్రపంచంలో అని నోటికొచ్చినట్టు అరిచాను. అమ్మ వచ్చి నా నోరు మూసింది. వాడు హెడ్‌సెట్ మళ్ళీ చెవులకెక్కించుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆట లేదు, పాట లేదు. మా గొంతులు వినపడకుండా పెట్టుకున్నాడంతే.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం నాకు చేతకాదు. వాడు తినడం మానేశాడు. అమ్మ కంచం పట్టుకెళ్ళడం, అలాగే తేవడం. ఆవిడ వంటింట్లో కత్తులన్నీ తీసి తన బట్టల పెట్టెలో దాచడం చూశాను. ఆఫీసులో ఎవరో గ్యాసు రాలేదని తిడుతుంటే, "మా తమ్ముడు చచ్చిపోతాడండీ," అన్నాను ఫోన్లో. అవతలి మనిషి తిట్టడం ఆపి, "ఏమ్మా?" అన్నాడు. లైను కట్ చేసి బాత్రూములోకెళ్ళి ఏడ్చాను. ఏం చెయ్యాలో నిజంగానే నాకు తెలియలేదు. తెలిసినవాళ్ళెవరూ లేరు.

ఆదివారం వచ్చింది. సాయంత్రం వాడి గదిలోకి వెళ్ళాను. వాడు అలాగే, గోడవైపు తిరిగి, చెవులకి ఆ బూడిదరంగు దొప్పలతో పడుకుని ఉన్నాడు. మంచం అంచున, వాడి వీపు వెనక కూర్చున్నాను. వీపు ఎముకలు లెక్కపెట్టేట్టున్నాయి.

"చిన్నా, మిషను ఎవరికో ఇవ్వడమెందుకు? నేనే ఆడతాను," అన్నాను. రెచ్చగొడితే లేస్తాడేమోనని ఒక పిచ్చి ఆశ. "హెడ్‌సెట్ ఇలా ఇవ్వు."

వాడు కదల్లేదు. నేనే వెనకనుంచి రెండు చేతులతో మెల్లగా తీసి, ఉన్నదున్నట్టు నా తలకి పెట్టుకున్నాను. మిషను తెరిచి ఆట మొదలుపెట్టాను. నాకు ఆ ఆట రాదు. నా మనిషి నిలబడి ఉంటే అవతలివాడు ఎడమవైపునుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

అడుగుల చప్పుడు కుడిచెవిలో వినిపించింది.

నేను తెర వైపు చూశాను. అవతలివాడు నా మనిషి నెత్తిమీంచి దూకి కుడివైపుకొచ్చాడు. చప్పుడు ఎడమచెవిలోకొచ్చింది. నా మనిషి దెబ్బలు తింటూనే ఉన్నాడు, నేను చూస్తూనే ఉన్నాను. హెడ్‌సెట్ తీసి, అటుదిటు తిప్పి పెట్టుకున్నాను. ఎడమది ఎడమ, కుడిది కుడి. మళ్ళీ తిప్పాను. మళ్ళీ తారుమారు. ఆ రోజు నేను వాడి ఎదురుగా నిలబడి తీశాను. ఎదురుగా నిలబడి తీసి అలాగే పెట్టుకుంటే వాడి కుడిచెవిది నా ఎడమచెవికి వస్తుంది. అందుకే నాకు అంతా బాగా వినిపించింది. నేను దాన్ని సరిచేసి పెట్టుకుని, వాడితో బానే ఉంది కదరా అన్నాను.

"అమ్మా!" అని అరిచాను. ఆ అరుపుకి అమ్మ ఏమనుకుందో ఏమో, గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది. కొడుకు మంచం మీద ఊపిరి తీసుకుంటూ ఉండటం చూసి గుమ్మంలోనే కూలబడింది.

"ఈ కవర్లు తొడిగేటప్పుడు ఏది కుడో, ఏది ఎడమో ఎలా చూశావు?"

"ఎలా చూడటమేంటే? వాణ్ణే అడిగాను. చక్రం ఉన్నది కుడి అన్నాడు. మచ్చవైపు కవరు దానికే వేశాను."

"చక్రం కుడివైపేగా ఉండేది," అన్నాడు చిన్నోడు గోడతో. ఎన్నో రోజుల తర్వాత నోరు విప్పాడు. "పాతదానికి కుడివైపే కదా."

నేను మచ్చవైపు కవరు పీకేశాను. లోపల, దొప్ప అడుగున, కొట్టొచ్చినట్టు పెద్ద అక్షరం. ఎల్. రెండోది పీకాను. ఆర్. అమ్మకి ఇంగ్లీషు రాదు. "అవి కంపెనీ గుర్తులనుకున్నానే. బాగుండలేదని కప్పేశాను," అంది, మాట సగంలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒంటి చెవి హెడ్‌సెట్‌తో బతికే నాకు కుడీ ఎడమా చూడాలన్న ఆలోచనే రాలేదు. పాత చక్రం అలవాటు వాడిది. ఒరుసుకోకూడదని కుట్టిన కవరు అమ్మది. తిప్పి పెట్టుకుంటే మచ్చకి నొప్పి తప్ప ఏముంది? హాయిగా ఉన్నవైపే పెట్టుకున్నాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ముగ్గురం కలిసి వాడి చెవులు వాడికి తారుమారుగా తగిలించి, డాక్టర్నీ షాపతన్నీ దేవుణ్ణీ తిట్టుకున్నాం.

"నీ చెవులకేం కాలేదురా," అన్నాను. "నువ్వు తిరగేసి పెట్టుకున్నావు. అంతే. తిరగేసి."

వాడు నమ్మలేదు. "నన్ను బుజ్జగించడానికి చెప్తున్నావు."

"నేనెప్పుడు బుజ్జగించానురా నిన్ను? పుట్టిందగ్గరనుంచీ ఒక్కసారైనా?"

దానికి వాడు గోడనుంచి ఇటు తిరిగాడు. మెల్లగా లేచి కూర్చున్నాడు. అమ్మ కవర్లు అటుదిటు మార్చి తొడిగింది. వాడు హెడ్‌సెట్ చేతిలోకి తీసుకుని చక్రం తడిమాడు. ఎడమవైపు పెట్టుకోవాలని తెలిసినా చెయ్యి మళ్ళీ కుడివైపుకే వెళ్ళింది. వాడి మొహంలో భయం కనిపించింది. రేపు మళ్ళీ మర్చిపోతే? ఎల్లుండి? దొప్ప అంచంతా వేలితో తడిమి, "మైకు ఇవ్వక్కా," అన్నాడు.

"ఏం?"

"అది గుచ్చే కన్నం ఒక్క పక్కే ఉంటుంది. మైకు నోటి ముందుకొస్తే సరిగ్గా పెట్టుకున్నట్టు. మెడ వెనక్కి పోతే తప్పు."

సొరుగులోంచి తీసిచ్చాను. వేలితో కన్నం వెతుక్కుని గుచ్చాడు. పెట్టుకున్నాడు. మైకు నోటి ముందుకొచ్చి నిలబడింది. మొదటిరోజు దాన్ని పీకకుండా ఉంటే ఇదంతా జరిగేదే కాదు. ఎవరితో మాట్లాడాలి అన్నవాడు దాన్ని వేలితో ఒకసారి ముట్టుకుని బటన్లు పట్టుకున్నాడు.

దబ్బు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దబ్బు. చేతులు ఇంకా పాత తప్పునే చేస్తున్నాయి. ఆగాడు. ఊపిరి పీల్చుకుని విన్నాడు. టక్కు.

ఇంకోటి. టక్కు. దూకినవాణ్ణి ఆ పక్కన కూడా కాచుకున్నాడు. నేను అమ్మ భుజం మీద తల పెట్టి సిగ్గు లేకుండా ఏడ్చాను.

వాడు ఆట మధ్యలో ఆపి, తెర మీద ఏదో నొక్కమని నన్నడిగాడు. ఆదివారం జట్టు ఆన్‌లైన్లో కలిసే గది. మిషను చిన్న స్పీకర్లోంచి కూడా వినిపించేలా పెట్టమన్నాడు, అమ్మ కోసమేమో. నలుగురైదుగురు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్న గోల. హఠాత్తుగా అందులో లావుపాటి గొంతొకటి, వర్క్‌షాపులో అందరూ బండోడనే మనిషిది, "ఉండండ్రా. ఎవడో వచ్చాడు. ఊపిరి వినపడుతోంది," అంది.

గోల ఆగిపోయింది. చిన్నోడు మైకుని ఇంకాస్త నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"ఒరేయ్," అన్నాడు బండోడు, గొంతు మారిపోయి. "నువ్వేనా?"

"ఆడదాం రా," అన్నాడు మా తమ్ముడు. "జాలిపడి ఓడిపోయావో, మీ ఇంటికొచ్చి మరీ తంతాను."

అవతల బండోడు చీదుకుంటూ, "రా. వచ్చి తన్ను. ఇల్లు మారలేదు," అన్నాడు.

ఆ ఆటలో మావాడు ఓడిపోయాడు. బండోడు జాలిపడలేదు. రెండో ఆట మొదలయ్యేసరికి గదినిండా అరుపులు. "అమ్మా, ఆకలేస్తోంది, ఏమైనా పెట్టు," అని చెవులకి హెడ్‌సెట్ ఉన్నవాళ్ళు అరిచినట్టే గట్టిగా అరిచాడు.

అమ్మ లేచింది. గొళ్ళెం ఎక్కడ దాచిందో నాకు ఇప్పటికీ చెప్పలేదు, అది ఆ తలుపుకి మళ్ళీ రాలేదు కూడా. మీ ఇంటికొచ్చి తంతాను అన్నాడే, మీ ఇంటికొచ్చి, అని తనలో తను అనుకుంటూ గుమ్మం దాటి, అక్కడ పరిచి ఉన్న చాపని చుట్టి, దిండుతో సహా తన గదిలోకి తీసుకెళ్ళింది. వెళ్ళి అన్నం వేడిచేసింది.